రెగే ధ్వనికి కర్త ఎవరు?

రెగే సంగీతం 1960ల చివర్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టింది. దానికి ముందు రూపాలు స్కా, రాక్‌స్టెడీ. 2018లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఈ సంగీత చరిత్రను గాయకుల పేర్లతో చెప్పడం ఆనవాయితీ: బాబ్ మార్లే, పీటర్ టాష్, జిమ్మీ క్లిఫ్, బర్నింగ్ స్పియర్. ఆ తర్వాతి వరుస నిర్మాతలది. పాటను టేపుకెక్కించి, ఏ వాద్యం ఎంత వినబడాలో తేల్చి, ఒక్కోసారి తయారైన పాటనే విప్పి వేరే పాటగా కట్టిన సౌండ్ ఇంజనీర్లు చివరి పేజీల్లో ఉంటారు, అదీ ఉంటే. అది అన్యాయమా, సహజమా అన్నదే ఇక్కడి వాదం. పూర్వపక్షం గాయకుల, వాద్యకారుల వైపు నిలబడుతుంది. ఉత్తరపక్షం ఇంజనీర్ల వైపు.

పూర్వపక్షం: రికార్డింగ్ జరిగే ప్రతి సంగీతానికీ ఇంజనీరు ఉంటాడు. అంతమాత్రాన సంగీతం అతనిదైపోదు. పెళ్లి పందిట్లో మైకు సెట్టు అమర్చినవాడు సన్నాయి పాటకు కర్త అవుతాడా? రెగేని రెగే చేసింది వాయించే తీరు. నాలుగు దెబ్బల లెక్కలో మొదటి దెబ్బను ఖాళీగా వదిలేసి మూడోదాని మీద బలమంతా వేసే ‘వన్ డ్రాప్’, తాళానికి ఎదురుగా టక్కున తెగే గిటార్ మీటు, పాట బరువంతా మోసే బేస్ గిటార్. మార్లే బృందంలో ఇవి కార్ల్‌టన్ బారెట్ చేతుల్లోంచి, అతని అన్న ఆస్టన్ బారెట్ వేళ్లలోంచి వచ్చాయి. మిక్సింగ్ బల్లలోంచి కాదు.

ఉత్తరపక్షం: ఆ పోలిక జమైకాకు అతకదు. అక్కడి పేదవాడల్లో మైకు సెట్టే ముందు వచ్చింది, బ్యాండు తర్వాత. 1940ల చివరినుంచి కింగ్‌స్టన్ వీధుల్లో నాట్యసభలకు సంగీతం ఇచ్చినవి ‘సౌండ్ సిస్టమ్’లు: ఒక టర్న్‌టేబుల్, చేత్తో కట్టిన ఆంప్లిఫయర్, బీరువాలంత స్పీకర్లు. టామ్ ద గ్రేట్ సెబాస్టియన్, డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ అలా పేరు తెచ్చుకున్నవాళ్లే. వాళ్లు వేసేవి అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు. ఏ రికార్డు వేస్తున్నదీ పోటీవాడికి తెలియకుండా లేబుల్ గీకేసేవారు. 1950ల చివరికి అమెరికాలో ఆ తరహా సంగీతం తగ్గిపోయాక, స్టాకు కోసం సొంతంగా రికార్డింగు మొదలుపెట్టారు. అంటే జమైకా పాట తయారైందే స్పీకర్లోంచి వినడానికి. అక్కడి జనం సంగీతాన్ని చెవితో ఎంత విన్నారో రొమ్ముతో అంత విన్నారు. ఆ బేస్ దెబ్బను రికార్డులోకి తేవడం ఎవరి పని?

పూర్వపక్షం: కోరింది జనం, డబ్బు పెట్టింది సిస్టమ్ యజమాని. నాబ్ తిప్పడం ఒక్కటే ఇంజనీరు చేసింది.

ఇక్కడ కొంత సాంకేతిక వివరణ అవసరం. రికార్డు మీద ధ్వని ఒక గాడి రూపంలో ఉంటుంది. స్వరం ఎంత కిందిదై, ఎంత గట్టిదైతే గాడి అంతగా పక్కలకు ఊగుతుంది. ఆ ఊపు హద్దు దాటితే పక్క గాడిని తాకుతుంది, లేదా వాయించేటప్పుడు సూది ఎగిరిపోతుంది. అందుకే ఐరోపా, అమెరికా స్టూడియోల్లో బేస్‌ను అదుపులో ఉంచడం ఇంజనీరు క్రమశిక్షణగా ఉండేది. కింగ్‌స్టన్‌లో అదే ఇంజనీరు దానికి ఎదురుగా పనిచేయాలి.

ఉత్తరపక్షం: కెన్ ఖూరీ నడిపిన ఫెడరల్ స్టూడియోలో తొలి తరానికి పని నేర్పిన గ్రేమ్ గుడాల్ ఆస్ట్రేలియా నుంచి రేడియో పని మీద వచ్చినవాడు. 1959లో క్రిస్ బ్లాక్‌వెల్, లెస్లీ కాంగ్‌లతో కలిసి ఐలండ్ రికార్డ్స్‌ను మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకడు కూడా. ఐలండ్ పేరు చెబితే బ్లాక్‌వెల్ గుర్తొస్తాడు, గుడాల్ ఎందరికి గుర్తొస్తాడు? ఇక స్టూడియో వన్ చూడండి. 1963లో బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో డాడ్ తెరిచిన స్టూడియో అది. 1960ల చివర్లో అక్కడి బల్ల దగ్గర కూర్చున్నది సిల్వన్ మారిస్. బేస్ స్పీకర్ ముందు పెట్టాల్సిన మైకును అతను పెట్టె వెనకవైపు పెట్టి చూశాడు. ముందు వినిపించే వేళ్ల చప్పుడు వెనక తగ్గింది, గుండ్రని మోత మిగిలింది. స్టూడియో వన్ బేస్ అని అభిమానులు తలుచుకునేది ఆ ధ్వనినే. అక్కడి ఆస్థాన బృందం ‘సౌండ్ డైమెన్షన్’కు ఆ పేరు స్టూడియోకి కొన్న ఎకో యంత్రం పేరునుంచి వచ్చింది. బ్యాండుకు యంత్రం పేరు పెట్టుకున్న ఊళ్లో యంత్రం నడిపినవాడి పేరు మరిచిపోవడం విడ్డూరమే.

పూర్వపక్షం: మారిస్ చెవి గొప్పదే, కాదనం. కానీ ఆ పెట్టెలోంచి వచ్చిన బేస్ వరసను కట్టింది లెరాయ్ సిబుల్స్ లాంటి వాద్యకారుడు. మైకు ఎక్కడ పెట్టినా, వాయించనిది వినబడదు.

ఉత్తరపక్షం: సరే. అయితే వాయించినదాన్ని వినబడకుండా చేయడం కూడా సంగీతమైన సందర్భానికి వద్దాం.

ఆ సందర్భం 1960ల చివరిది. స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్ నడిపే రడీ రెడ్‌వుడ్, డ్యూక్ రీడ్ ట్రెజర్ ఐల్ స్టూడియోలో ఒక డబ్‌ప్లేట్ కోయించుకున్నాడు. డబ్‌ప్లేట్ అంటే మెత్తని లక్క పూసిన లోహపు రేకు మీద ఒకే ప్రతిగా కోసే రికార్డు. కొన్ని పదుల సార్లు వాయిస్తే అరిగిపోతుంది. పాట పారగాన్స్ బృందానిది, ‘ఆన్ ద బీచ్’. ఇంజనీరు బైరన్ స్మిత్ గాత్రం ట్రాకును కలపడం మరిచిపోయాడని చెబుతారు. రెడ్‌వుడ్ ఆ వాద్యం మాత్రమే ఉన్న ప్రతిని సభలో వేస్తే, మాటలు తెలిసిన జనం తామే పాడుకున్నారు. తెల్లవారేసరికి అది కబురైంది. కొద్ది ఏళ్లలోనే జమైకా 45 ఆర్‌పీఎం రికార్డుల్లో రెండో వైపు ‘వెర్షన్’ అని రాసి, గాత్రం తీసేసిన అదే పాటను ఇవ్వడం మామూలైపోయింది.

పూర్వపక్షం: చూశారా, మీ ఉదాహరణే మీకు ఎదురు తిరిగింది. మరుపును కళ అనలేం. పాడింది జనం. పైగా ‘వెర్షన్’ పెరగడానికి అసలు కారణం పిసినారితనం: రెండో వైపు కొత్త పాట కోసం ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఉత్తరపక్షం: పిసినారితనం ఉంది. నిర్మాతలు వాద్యకారులకు ఒక్కసారి కూలి ఇచ్చి ఆ టేపును ఏళ్ల తరబడి వాడుకున్నారు, దాన్ని సమర్థించేవారెవరూ లేరు. కానీ మరుపు ఒక్కసారే మరుపు. రెండోసారి కావాలని చేస్తే అది నిర్ణయం. గాత్రం పోయిన ఖాళీలో ఏం చేయాలన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. ఒక జవాబు యూ-రాయ్‌ది: 1970లో అతను డ్యూక్ రీడ్ పాత ట్రాకుల మీద మాటలల్లి చెప్పి, డీజేని గాయకుడితో సమానంగా నిలబెట్టాడు. ఇంకో జవాబు, యూ-రాయ్ మాట్లాడిన సౌండ్ సిస్టమ్ యజమానిది.

ఆ యజమాని ఆస్‌బోర్న్ రడాక్. అందరికీ తెలిసిన పేరు కింగ్ టబ్బీ. 1941లో పుట్టాడు. రేడియోలు బాగుచేయడం, ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టడం, ఆంప్లిఫయర్లు కట్టడం అతని వృత్తి. డ్యూక్ రీడ్ దగ్గర డబ్‌ప్లేట్లు కోసే పని కూడా చేశాడు. 1970ల తొలినాళ్లలో, నిర్మాత బన్నీ లీ మాటసాయంతో, డైనమిక్ సౌండ్స్ స్టూడియో వదిలించుకుంటున్న ఎంసీఐ మిక్సింగ్ కన్సోల్‌ను కొని, వాటర్‌హౌస్ పేటలోని డ్రోమిలీ అవెన్యూలో చిన్న ఇంట్లో అమర్చాడు. బ్యాండు కూర్చునే చోటు ఆ ఇంట్లో లేదు. గాయకులు పాడింది స్నానాలగదిలో. ఇతర స్టూడియోల్లో వాయించిన టేపులు అక్కడికి వచ్చేవి. గాత్రం చేర్చడం, మిక్స్ చేయడం, రికార్డు కోయడం మాత్రమే అక్కడ జరిగే పనులు.

టబ్బీ మిక్స్ ఎలా సాగేదో దగ్గరగా చూస్తే ఈ వాదమంతా ఎందుకో తెలుస్తుంది. టేపు మీద ఉన్నవి నాలుగు ట్రాకులే. డ్రమ్స్, బేస్ గిటార్, గిటార్‌తో కీబోర్డు, గాత్రం, బూరాలు వాటిలోనే సర్దుకోవాలి. టేపు తిరుగుతుండగా టబ్బీ ఒక ట్రాకును కిందికి లాగేస్తాడు. పాట నడిమధ్యలో నేల జారిపోయినట్టు బేస్ మాయమవుతుంది. గాత్రంలోంచి ఒక్క మాటను మాత్రం తెరిచి టేపు ఎకోలోకి పంపి, వెంటనే మూసేస్తాడు. ఎకో యంత్రంలో ఒక చోట రికార్డైన ధ్వని కాస్త దూరంలోని తల దగ్గర మళ్లీ చదవబడి, తిరిగి మొదటికి చేరుతుంది. ఆ మాట తగ్గుతూ, మసకవుతూ, తాళానికి అడ్డంగా పడుతూ పోతుంది. కన్సోల్ మీద ఒక పెద్ద నాబ్ ఉంది, మెట్లు మెట్లుగా తిరిగే హై-పాస్ ఫిల్టర్. దాన్ని తిప్పితే కింది స్వరాలు ఒక్కో మెట్టూ రాలిపోయి, హైహ్యాట్ చప్పుడు సన్నని ఈలలా మిగులుతుంది. స్ప్రింగ్ రివర్బ్ పెట్టెను చేత్తో ఒక్కటి తట్టితే లోపలి స్ప్రింగులు కదిలి ఉరుము లేస్తుంది. ఇదంతా ఆ మూడు నాలుగు నిమిషాల్లో, చేతులతో, టేపు ఆగకుండా జరగాలి. తప్పితే మొదటినుంచి మళ్లీ. నచ్చితే అదే రికార్డు. మరోసారి చేస్తే మరో రికార్డు వస్తుంది, అదే రాదు. ఇలా విప్పి కట్టిన పాటనే ‘డబ్’ అంటారు.

పూర్వపక్షం: వర్ణన బాగుంది. కానీ సొమ్మొకడిది సోకొకడిది. ఆ ‘ఈల’నే తీసుకోండి. 1974లో జానీ క్లార్క్ పాడిన ‘నన్ షల్ ఎస్కేప్ ద జడ్జ్‌మెంట్’తో జమైకాను ఊపేసిన ‘ఫ్లయింగ్ సింబల్’ ఎవరిది? హైహ్యాట్‌ను తెరిచి మూస్తూ వాయించిన డ్రమ్మర్ శాంటా డేవిస్‌ది. టబ్బీ ఫిల్టర్ దాన్ని పైకి తెచ్చింది, పుట్టించలేదు.

ఉత్తరపక్షం: ఒప్పుకోవాల్సిందే. పదార్థం వాద్యకారులది. మరి ఆకారం? అగస్టస్ పాబ్లో నిర్మించిన జేకబ్ మిల్లర్ పాట ‘బేబీ ఐ లవ్ యూ సో’ను 1975లో ఐలండ్ సంస్థ ఇంగ్లండులో విడుదల చేసింది. మొదటి వైపు మిల్లర్ ప్రేమపాట. రెండో వైపు అదే టేపునుంచి టబ్బీ కట్టిన డబ్, ‘కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’. అందులో మిల్లర్ గొంతు ముక్కలుగా వచ్చి పోతుంది, డ్రమ్స్ పగిలి మళ్లీ కూడతాయి, పాబ్లో మెలోడికా దూరంనుంచి పలకరిస్తుంది. ఈ రోజు ప్రపంచానికి తెలిసింది రెండో వైపే. 1976లో వచ్చిన పాబ్లో ఆల్బమ్ పేరు కూడా అదే పెట్టారు. అవే వాద్యాలు, అవే చేతులు, అదే రోజు వాయింపు ఉన్న రెండు రికార్డుల్లో ఒకటి మంచి పాటగా మిగిలి, ఇంకొకటి ఒక సంగీత రీతికి మచ్చుగా నిలిచిందంటే ఆ తేడా ఎవరిది?

పూర్వపక్షం: సరే, డబ్ వరకు టబ్బీకి వాటా ఉంది. కానీ అతన్ని ఎవరు మరిచారు? ఆల్బమ్ పేరులోనే ఉన్నాడు కదా. లీ ‘స్క్రాచ్’ పెర్రీని ఎవరు మరిచారు? ‘పట్టించుకోని ఇంజనీర్లు’ అన్న ఫిర్యాదే నిలబడదు.

ఈ అభ్యంతరం వాదాన్ని అసలు చోటికి తెస్తుంది. పెర్రీ 1973లో వాషింగ్టన్ గార్డెన్స్‌లోని తన ఇంటి పెరట్లో బ్లాక్ ఆర్క్ స్టూడియో కట్టుకున్నాడు. నాలుగు ట్రాకులు నిండగానే వాటిని కలిపి ఒకటిగా చేసి, ఖాళీ అయినవాటి మీద మళ్లీ రికార్డు చేసేవాడు. ప్రతి కలయికలోనూ టేపు హోరు పెరిగేది. ఆ హోరే మాక్స్ రోమియో ‘వార్ ఇన్ ఎ బాబిలన్’ (1976), కాంగోస్ ‘హార్ట్ ఆఫ్ ద కాంగోస్’ (1977) ఆల్బమ్‌లకు నీటి అడుగునుంచి వినిపించే గుణాన్ని ఇచ్చింది. అయితే పెర్రీ అక్కడ ఇంజనీరొక్కడే కాదు, నిర్మాత, స్టూడియో యజమాని కూడా. టబ్బీ సొంత స్టూడియో ఉన్నవాడు, సౌండ్ సిస్టమ్ ఉన్నవాడు. పేరు నిలిచిన ఇంజనీర్ల జాబితా రాస్తే అది దాదాపుగా యజమానుల జాబితా అవుతుంది.

ఉత్తరపక్షం: జీతానికి పనిచేసినవారి సంగతి చూడండి. ర్యాండీస్ సంగీత దుకాణం మేడ మీది స్టూడియో 17లో టబ్బీకి సమకాలంలోనే డబ్ మిక్సులు చేసిన ఎరల్ థాంప్సన్, తర్వాత నిర్మాత జో గిబ్స్ దగ్గరికి వెళ్లి ‘ఆఫ్రికన్ డబ్’ ఆల్బమ్‌ల వరస చేశాడు. ఆ ఇద్దరినీ కలిపి ‘మైటీ టూ’ అన్నారు కాబట్టి పేరు సగం మిగిలింది. డ్యూక్ రీడ్ మేనల్లుడు ఎరల్ బ్రౌన్, ట్రెజర్ ఐల్‌లో పనిచేసి తర్వాత మార్లే సొంత స్టూడియో టఫ్ గాంగ్‌లో కన్సోల్ చూసుకున్నాడు. 1977 నాటి ‘ఎక్సోడస్’ మిక్సులో పాలున్న జమైకన్ కార్ల్ పిటర్సన్. 1999లో టైమ్ పత్రిక శతాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌గా ఎన్నుకున్నది దాన్నే. మార్లే అభిమానుల్లో ఈ పేర్లు చెప్పగలిగేవారు అరుదు.

పూర్వపక్షం: మార్లే సంగతి ఎత్తారు కాబట్టి అడగాలి. రెగేని ప్రపంచానికి చేర్చిన ‘క్యాచ్ ఎ ఫైర్’ (1973)కు కింగ్‌స్టన్‌లో ఇంజనీర్లు తేల్చిన రూపం మీద లండన్‌లో ఏం జరిగింది? బ్లాక్‌వెల్ ఆజ్ఞ మీద వేన్ పెర్కిన్స్ రాక్ గిటార్, రాబిట్ బండ్రిక్ కీబోర్డు చేర్చారు, మళ్లీ మిక్స్ చేశారు. కాబట్టి నిర్ణయం నిర్మాతదే. ఇంజనీరు చేసింది ఆ నిర్ణయాన్ని అమలుచేయడం.

ఉత్తరపక్షం: ఆ రికార్డుకు నిర్ణయం బ్లాక్‌వెల్‌దే, నిజం. కానీ 2001లో వచ్చిన ప్రత్యేక ప్రతిలో జమైకా మిక్సులను కూడా ఇచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. పాడినవారూ పాటలూ మారలేదు. ఒకటి కింగ్‌స్టన్ వాడల కోసం చేసింది, ఇంకొకటి రాక్ శ్రోతల కోసం చేసింది. రెగే ఏ ఊరిదో తేలింది మిక్సింగ్ బల్ల మీద. అందుకే ఆ బల్ల దగ్గర కూర్చున్న లండన్ ఇంజనీరు టోనీ ప్లాట్ పేరు కూడా చరిత్రలో ఉండాలి, జమైకన్ కాకపోయినా సరే.

పూర్వపక్షానికి ఇంకా ఒక బలమైన వాదం మిగిలి ఉంది. టబ్బీ శిష్యుల్లో ఇద్దరు బాగా ఎదిగారు. హోప్‌టన్ బ్రౌన్ ‘సైంటిస్ట్’ పేరుతో ఇరవై ఏళ్ల ప్రాయంలో గ్రీన్‌స్లీవ్స్ సంస్థకు చేసిన డబ్ ఆల్బమ్‌ల అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ఇంజనీరు పేరే. వాటిలో రక్తపిశాచుల మీద 1981లో వచ్చినదాని పాటలు ఇరవై ఏళ్ల తర్వాత ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో 3’ వీడియో గేమ్‌లో రేడియో పాటలుగా వినిపించాయి. రెండో శిష్యుడు లాయిడ్ జేమ్స్, అంటే ప్రిన్స్ జామీ, తర్వాత కింగ్ జామీ. 1985లో గాయకుడు వేన్ స్మిత్, నోయెల్ డేవీ కలిసి కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే దాచి ఉంచిన ఒక తాళాన్ని అతని దగ్గరికి తెచ్చారు. జామీ దాని వేగం తగ్గించి ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’ చేశాడు. దానికి డ్రమ్మర్ లేడు, బేస్ వాయించినవాడూ లేడు.

పూర్వపక్షం: మీ ఇంజనీరు పెత్తనం చివరికి చేరిన చోటు ఇది. ఆ పాటతో కింగ్‌స్టన్ స్టూడియోల్లో వాద్యకారులకు పిలుపులు తగ్గిపోయాయి. ఇరవై ఏళ్లపాటు జమైకా సంగీతాన్ని మోసిన చేతులు ఖాళీ అయ్యాయి. ఇంజనీరును కర్తను చేస్తే వాద్యకారుడికి పట్టే గతి అదే.

ఉత్తరపక్షం: జరిగిన నష్టం నిజమే, దాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ తాళం కూడా మనిషి చేసిందే. కాసియోలో కొత్తగా చేరిన హిరోకో ఒకూడా అనే యువతి దాన్ని అమర్చింది. ఆమె సంగీత కళాశాలలో రెగే మీదే వ్యాసం రాసి పట్టా పుచ్చుకున్నది. జమైకాలో తాళాన్ని ఇచ్చినవాళ్ల పేర్లు పోయినట్టే ఆమె పేరూ చాలాకాలం తెలియలేదు. నిలిచిన పేరు జామీది, ఎందుకంటే ఆ రికార్డు లేబుల్ జామీది. పేరు పనినిబట్టి కాదు, ఆస్తినిబట్టి నిలిచిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

జమైకా దాటాక డబ్ పద్ధతి వేగంగా పాకింది. లండన్‌లో డెన్నిస్ బోవెల్, గయానాలో పుట్టిన మ్యాడ్ ప్రొఫెసర్ దాన్ని అందుకున్నారు. మ్యాసివ్ అటాక్ ఆల్బమ్‌ను మ్యాడ్ ప్రొఫెసర్ 1995లో ‘నో ప్రొటెక్షన్’గా తిరిగి కట్టాడు. కింగ్‌స్టన్‌లో పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్, అంటే కూల్ హెర్క్, 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో తన పెద్ద స్పీకర్లతో మొదలుపెట్టిన పార్టీలనుంచి హిప్‌హాప్ వచ్చింది. ఒక పాటను విప్పి మళ్లీ కట్టే ‘రీమిక్స్’ నేడు ప్రపంచమంతటా మామూలు మాట.

చట్టం మాత్రం ఈ కథను వేరుగా చెబుతుంది. 1993 వరకు జమైకాలో నడిచింది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం. ఆ ఏడు వచ్చిన సొంత చట్టం కూడా బ్రిటిష్ ఒరవడిలోనే, రికార్డింగుకు ఏర్పాట్లు చేసినవాడినే దాని కర్తగా గుర్తిస్తుంది. అంటే నిర్మాతను. ఇంజనీరు ఆ నిర్వచనంలో లేడు.

పూర్వపక్షం: ఆ నిర్వచనంలో కార్ల్‌టన్ బారెట్ కూడా లేడు.

ఉత్తరపక్షం: లేడు. అక్కడ మీకూ మాకూ తగాదా లేదు.

తేలినది ఇంతే. పాడిన రెగే పాటలో ఇంజనీరు వాద్యకారులతో సమానంగా ఒకడు, అంతకు మించి కాదు. డబ్‌లో, వెర్షన్‌లో మాత్రం అతను సహకర్త, దాన్ని కాదనడానికి పూర్వపక్షం దగ్గర ఆధారం మిగల్లేదు. పాత జమైకా రికార్డులను మళ్లీ ముద్రిస్తున్న సంస్థలు అట్ట వెనక నిర్మాత పేరు కింద ఇంజనీరు పేరు, దాని పక్కనే డ్రమ్మర్ పేరు, బేస్ వాయించినవాడి పేరు వేయాలి. అందుకు చట్టం మారనక్కర్లేదు, రెండు వరసల చోటు ఉంటే చాలు.